కుందేలు సాక్ష్యం

రేలగూడెం, బూర్గంపాడు మండలం
సెప్టెంబరు 8

మా నెత్తురు తీసుకపోయిన హైదరాబాదు డాక్టరమ్మ అరుణశ్రీ గారికి,

రేలగూడెం జంపయ్య దండం పెట్టి రాసేది. మేమంత బాగున్నం, మీరు బాగుండాలె.

మొన్న మే నెలల మీ పిల్లలు జీపేసుకొని మా ఊరికొచ్చి ఇరవై మంది నెత్తురు తీసుకపోయిండ్రు. ఆ ఇరవై మందిని జమ చేసింది నేనే. అప్పుడు ఒక కాయితం ఇచ్చిండ్రు. అండ్ల అన్నిటికన్న కింద, సన్నటి అక్షరాలతోని, 'సందేహములున్నచో ఈ చిరునామాకు వ్రాయగలరు' అని ఉన్నది. నాలుగు నెలలు ఆగి చూసిన. సందేహం పోలె. అందుకే రాస్తున్న.

మొదటి సందేహం, ఆ నెత్తురు ఏమైంది? మా ఇంటామె నాగక్క అయితే, ఎప్పుడో పారబోసి ఉంటరు, నీకెందుకు అంటది.

రెండోది అసలుది. బొగ్గు గనిల పనిచేసేటోళ్ళ నెత్తురు గూడ తీసిండ్రని విన్న. వాళ్ళదానికీ ఊరోళ్ళదానికీ తేడా ఏమన్న కనబడ్డదా? మా బిడ్డ కళావతిని గనోళ్ళ ఇంటికే ఇచ్చినం. అల్లుడు రవీందర్ ఓపెన్‌కాస్టు గనిల బొగ్గు మోసే డంపర్ నడుపుతడు, పదేండ్లాయె. చలికాలం దగ్గుతడు, ఎండకాలం దగ్గుతడు, వానకాలంల 'ఇప్పుడు తగ్గింది మామా' అనుకుంట దగ్గుతడు. బిడ్డ నన్ను అడుగుతది, నేను మిమ్మల్ని అడుగుతున్న.

జవాబు కోసం చూసే,
జంపయ్య

మరిచిన మాట: ఫోన్ మాత్రం చెయ్యొద్దు. నేను ముప్పై ఒక్క ఏండ్లు ఇక్కడి బ్రాంచి పోస్టాఫీసు సంచి మోసినోన్ని. ఇప్పుడు ఊరికి ఉత్తరాలు వస్తలేవని, ఆఫీసు ఎత్తేస్తమని అంటున్నరు. కాబట్టి జవాబు ఉత్తరమే రాయాలె. రెండు సందేహాలకు రెండు వేరే వేరే ఉత్తరాలు రాస్తే ఇంకా మంచిది.

•

హైదరాబాదు
సెప్టెంబరు 19

జంపయ్య గారికి నమస్కారం.

ఆ సన్నటి వాక్యాన్ని పదకొండేళ్ళుగా ప్రతి కాగితం కిందా అచ్చు వేయిస్తున్నాను. దాన్ని నమ్మి రాసింది మీరొక్కరే. చేత్తో రాసిన కవరు చూసి ముందు కోర్టు నోటీసేమో అనుకున్నాను. మన్నించండి. నేనూ మీ వైపు మనిషినే, వేంసూరు. ఉత్తరాలు అందుకునే అలవాటు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

రక్తం పారబోయలేదని నాగక్క గారికి చెప్పండి. మా పని ఇదీ: ఒంట్లో ప్రతి కణం లోపల డీఎన్ఏ అనే సన్నటి దారం ఉంటుంది. టీవీలో తండ్రెవరో తేల్చడానికి వాడతారే, అదే. మేము అది తేల్చం, ఎవరూ కంగారు పడక్కర్లేదు. పొగకీ, దుమ్ముకీ ఆ దారం అక్కడక్కడ తెగుతుంది. తెగినచోట కణం తనకు తానే ఒక గుర్తు పెట్టుకుంటుంది, అడవిలో దారి మరవకుండా మీరు చెట్టుకు గాటు పెట్టినట్టు. ఆ గాటు మనకు కనబడదు. దాన్ని వెతికి పట్టుకునే పదార్థం పేరు యాంటీబాడీ. అది కుందేలు ఒంట్లో తయారవుతుంది, చిన్న సీసాలో కొనుక్కుంటాం. గాటును పట్టుకుని కూర్చున్న ఆ కుందేలు యాంటీబాడీ కూడా కంటికి కనబడదు. అందుకని దాన్ని పట్టుకునే ఇంకో యాంటీబాడీని, మేక ఒంట్లో తయారైనదాన్ని, రంగు తగిలించి పంపుతాం. అప్పుడు మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఎన్ని చుక్కలో, దారం అన్నిచోట్ల తెగినట్టు.

ఇక మీ రెండో సందేహం. అక్కడే నేనూ ఆగిపోయాను. గనిలో పనిచేసేవాళ్ళ కణాలు బాగా వెలిగాయి. అది అనుకున్నదే. అడవి గాలి పీల్చే మీ ఊరివాళ్ళవి చీకటిగా ఉండాలి. కానీ అవీ అంతే వెలుగుతున్నాయి! గనివాళ్ళవి చూసిన సీసా దాదాపు అయిపోయి, మీవాటికి కొత్త సీసా తెరిచాం. నా అనుమానం ఆ కొత్త సీసా కుందేలు మీదే. అది కనబడ్డదానికల్లా అతుక్కుంటోందేమో.

జనవరి నెలాఖరుకు ఒక కమిటీకి రిపోర్టు ఇవ్వాలి. తేడా ఉందని తేలితే డంపర్లకు మూసిన క్యాబిన్లు, దారుల మీద రోజంతా నీళ్ళు చల్లడం గురించి ఆలోచిస్తారు. లేదని తేలితే ఆ ఫైలు మూసేస్తారు. అంచేత కుందేలు సంగతి ముందు తేల్చాలి.

ఉంటాను,
అరుణశ్రీ

తా.క.: ఈ గొడవ మీకూ నాకూ మధ్యనే ఉండనివ్వండి. ఊరివాళ్ళు తమ రక్తం చెడిందని భయపడతారు.

•

రేలగూడెం
అక్టోబరు 3

గౌరవనీయులైన డాక్టరమ్మకు జంపయ్య రాసే జవాబు.

మీ ఉత్తరం వచ్చిన దినం ఊరంత జమైంది. నాలుగు నెలలల్ల వచ్చిన మొదటి కవరాయె. అందరి ముందట గట్టిగ చదివిన. మీకూ నాకూ మధ్యన ఉండాలె అన్న మాట మీరు ఆఖరున రాసిండ్రు. అప్పటికే అందరు విన్నరు. ఇగ మీదట అసొంటి మాట మొదట్లనే రాయాలె.

ఊళ్ళె ఎవలు భయపడలె. అందరికి కుందేలు మీదనే కోపమొచ్చింది. దూలయ్య మా ఊరి పెద్ద, పండుగలు, కట్టుబాట్లు అన్ని ఆయన చెప్పినట్టే. ఆయన ఏమన్నడంటే, "పెట్టెల పుట్టి పెట్టెల పెరిగిన కుందేలుకు మన అడవి వాసన ఎట్ల ఎరుక? కొత్తగ తెచ్చిన కుక్క ఊళ్ళె ఎవల జూసినా మొరుగుతది. గిదీ గట్లనే."

అందుకని ఈ అడవిల పుట్టిన కుందేలును ఒకదాన్ని పట్టి మీకు పంపుదమనుకున్నం. బొజ్జయ్య, ఇంకొకాయన వల పట్టుకొని పోయిండ్రు. ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు వెంకటకృష్ణ సారు ఎదురైండు.

"కుందేలు మీద చెయ్యేస్తే కేసు, ఎరుకేనా?" అన్నడంట.

"కూరకు కాదు సార్, డీఎన్ఏకు" అన్నడు బొజ్జయ్య.

సారు వల గుంజుకొని, "పంతొమ్మిదేండ్ల సర్వీసుల అన్ని సాకులు విన్న, గిది కొత్తది" అన్నడంట. మేం అబద్ధమాడుతలేమని చెప్పెతందుకు మీ కవరు మీదున్న ఫోన్ నంబరు ఇచ్చినం.

మీరు పర్మిషను కాయితం రాయించి పంపితే కుందేలు పని జల్దీ అయితది.

మీ మేలు కోరే,
జంపయ్య

మరిచిన మాట: మేక సంగతి గూడ చూసినం. బూర్గంపాడుల ఒకాయన తెల్ల కుందేండ్లు పెంచుతడు. ఒకదాన్ని అడిగి తెచ్చి మా నల్లమేక ముందట పెట్టినం. అరగంట చూసినం. మేక గుర్తుపట్టలె. కుందేలు ముందట పెట్టిన ఆకు మాత్రం తినేసింది. గిదేనా ఆమె సదువు అని నాగక్క అడుగుతున్నది.

•

హైదరాబాదు
అక్టోబరు 15

జంపయ్య గారూ,

దయచేసి ఏ కుందేలునూ పట్టకండి. మీరు చెప్పినట్టే ముఖ్యమైన మాట మొదట్లో రాశాను.

వెంకటకృష్ణ గారు ఫోన్ చేశారు. "మేడమ్, మీరు ప్రొఫెసరా? కుందేళ్ళు తెమ్మన్నారట నిజమేనా?" అని అడిగారు. యాంటీబాడీ గురించి ఇరవై నిమిషాలు వివరించాను. అంతా ఓపిగ్గా విని, "అయితే తెమ్మన్నట్టా, వద్దన్నట్టా?" అన్నారు. వద్దన్నాను. బొజ్జయ్య గారి వల తిరిగి ఇచ్చేస్తామన్నారు.

దూలయ్య గారి మాటకు మాత్రం నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. కొత్త కుక్క అందర్నీ చూసి మొరుగుతుందన్నారే, అదే మా రంగంలో పెద్ద తలనొప్పి. కావలసినదాన్నే పట్టుకుందా, కనబడ్డదానికల్లా అతుక్కుందా అన్నది తేల్చుకోకుండా ఏళ్ళకేళ్ళు తప్పు దారిన పోయినవాళ్ళున్నారు. నేనూ వాళ్ళలో ఉన్నానేమోనని ఈ మధ్య అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

కాబట్టి పరీక్ష మార్చి చేస్తున్నాను. పాత సీసాలో అడుగున ఒకటి రెండు బొట్లు మిగిలాయి. వాటితో మీ ఊరి కణాలు, కొత్త సీసాతో గనివాళ్ళ కణాలు చూస్తాను. కుందేలు దోషో కాదో తేలిపోతుంది. అలాగే ఆ ఇరవై మందినీ ఇంకొక్కసారి, కేవలం మూడు మిల్లీలీటర్లు, రక్తం ఇమ్మని అడగగలరా? నవత వస్తుంది. మే నెలలో మీ ఊరొచ్చి ఫారాలు నింపింది కదా, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి.

ఇరవైలో ఒక్క పన్నెండో నంబరు మాత్రం తేడాగా ఉంది. అది బొత్తిగా పనికిరాలేదు. పాడైందనుకుని పక్కన పెట్టాను.

మీ స్నేహాన్ని మరవని,
అరుణశ్రీ

తా.క.: మీ మేక తప్పేమీ లేదని నాగక్క గారికి చెప్పండి. మేక ఒంట్లోకి ముందు కుందేలు యాంటీబాడీ కొంచెం ఎక్కిస్తే, అప్పుడు దానికి పగ పడుతుంది. పగ పట్టాలంటే ముందు పరిచయం ఉండాలి. మీ మేకకు ఇంకా ఆ అవసరం రాలేదు.

•

రేలగూడెం
నవంబరు 2

డాక్టరమ్మకు దండాలు.

మీరు అడిగిన ఇరవై మంది ఊళ్ళె లేరు. చుట్టాలింటికి పోయిండ్రు. ఎప్పుడొస్తరంటే, మళ్ళ వచ్చే మే నెల విత్తనాల పండుగకే.

ఇక్కడ పత్తి తీసుడు నడుస్తున్నది. నాగక్కకు మోకాలు నొప్పి. వల వచ్చింది, రెండు కన్నులు తెగినయి, బొజ్జయ్య డీఎన్ఏ తెగిందని అందరికి చూపిస్తున్నడు.

పన్నెండో నంబరు పాడైందని రాసిండ్రు. పాడైందంటే ఏంది? నెత్తురు పాడైందా, మనిషి పాడైనట్టా? ఆ మనిషికి ఏదన్న రోగమా? తప్పు చేసినోని నెత్తురు గట్లయితదా? నేను ఊరికెనే అడుగుతున్న. ఆ పన్నెండో నంబరాయన నాకు ఎరుకైన మనిషే, అందుకని.

ఇట్లు,
జంపయ్య

మరిచిన మాట: ఆ పన్నెండో నంబరాయన మంచిగనే తింటున్నడు. మీ ఉత్తరం వచ్చినప్పటి సంది నిద్ర మాత్రం పోతలేడు. గీ ముక్కకు ఒక వేరే కార్డు రాసినా సరే, జల్దీ రాయండి.

•

హైదరాబాదు
జనవరి 6

జంపయ్య గారికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాసేందుకు ధైర్యం చాల్లేదు. పన్నెండో నంబరాయన నిద్రపోవటం లేదని చదివి కూడా ఆలస్యం చేసినందుకు సిగ్గుగా ఉంది. ఆయనకు రోగం లేదు. తప్పు చేస్తే రక్తం మారదు, ఆ సంగతి కనిపెట్టే యాంటీబాడీ ఇంకా రాలేదు. ఆయన కణాల్లో ఒక్క చుక్కా వెలగలేదు, అంతే. అందరివీ అంతగా వెలుగుతుంటే ఒక్కరివి వెలగకపోవడం కుదరదు కాబట్టి, ఆ ట్యూబు దారిలో ఎండకు పాడై ఉంటుందనుకున్నాను. పడుకోమనండి.

కుందేలు నిర్దోషి. పాత సీసాతో చూసినా మీ ఊరివాళ్ళ కణాలు వెలిగాయి. కొత్త సీసాతో చూసినా గనివాళ్ళవి అంతే వెలిగాయి. దెబ్బ తగలనివ్వకుండా ల్యాబులో పెంచే కణాలు రెంటితోనూ చీకటిగా ఉన్నాయి. కుక్క ఊరికే మొరగడం లేదు.

తర్వాత మేకను అనుమానించాను. అదీ బాగానే ఉంది. మైక్రోస్కోపును అనుమానించి మెకానిక్కును పిలిపించాను, అతను లెన్సు తుడిచి వెళ్ళాడు. నవతను అనుమానించి చుక్కలు మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఆ పిల్ల మళ్ళీ లెక్కపెట్టి, మొదటిసారి వచ్చిన అంకెలే నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. చివరికి నన్ను నేను అనుమానించుకున్నాను. అది నాకు చిన్నప్పటి నుంచీ చేతనైన పనే. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి బస్టాండు నుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. సందేహపడటమే నా ఉద్యోగం అనుకుని ఇన్నాళ్ళూ ఆ అలవాటుకు జీతం తీసుకున్నాను. కానీ సందేహానికీ ఒక చివర ఉండాలి కదా? అన్నీ సరిగ్గానే ఉన్నాక మిగిలింది నిజం ఒక్కటే. అది నాకు నచ్చకపోయినా.

అంచేత ముప్పై ఒకటిన కమిటీకి 'తేడా లేదు' అని రాయబోతున్నాను. గనిలో పనిచేసినా, అడవిలో ఉన్నా ఒకటేనని. ఆ ఫైలు మూసేస్తారు. మీ అల్లుడి దగ్గుకు నేనేమీ చెయ్యలేకపోయాను. కళావతికి ఏం చెప్పాలో నాకూ తెలియటం లేదు.

అరుణశ్రీ

తా.క.: ఇరవై మందీ ఒకేసారి ఇన్ని నెలలు చుట్టాలింట్లో ఉంటే, పాపం ఆ చుట్టాల సంగతేమిటి?

•

రేలగూడెం
జనవరి 11, స్పీడుపోస్టు

డాక్టరమ్మా, మీరు ఆ 'తేడా లేదు' అన్న మాట ఇంకా రాయకపోతే రాయకండి. రాసి ఉంటే కొట్టేయండి. ముఖ్యమైంది మొదట్లనే రాసిన.

ఆ ఇరవై మంది మా ఊరోళ్ళు కారు.

చెప్పుత, కోపం ఆపుకోండి. విత్తనాల పండుగ ఏడు దినాలు మా ఊరోళ్ళ ఒంటి మీంచి నెత్తురు చుక్క పడొద్దు. గడ్డం గూడ గీసుకోం. భూమికి ఇత్తనం ఇయ్యకముందు మనిషి తన నెత్తురు ఇంకొకలకు ఇయ్యొద్దని మా ఊరి కట్టు. మీ జీపు సరిగ్గ నాలుగో దినం వచ్చింది. నేను రెండు నెలల ముందే ఇరవై మందిని చూపిస్తనని మాటిచ్చి ఉన్న. ముప్పై ఒక్క ఏండ్లల్ల ఒక్క ఉత్తరం చేరకుండ పోనియ్యనోన్ని, మాట ఎట్ల తప్పుత?

అప్పుడు ఊరి నిండ పండుగకొచ్చిన చుట్టాలున్నరు. అల్లుండ్లు, మేనల్లుండ్లు, బామ్మర్దులు. కట్టు ఊరోళ్ళకే గాని చుట్టాలకు లేదు. మా దిక్కు పిల్లల్ని ఎక్కువ గని మీద పనిచేసేటోళ్ళకే ఇచ్చినం, నెలకు జీతమొస్తదని. ఆ వచ్చినోళ్ళంత డంపర్లోళ్ళు, డ్రిల్లింగోళ్ళు, బొగ్గు పొడిల తిరిగేటోళ్ళు. ఏడాదికోసారి కంపెనీ దవాఖానల సూదులు గుచ్చుతనే ఉంటరు, వాళ్ళకు భయం లేదు. "అల్లుడంటే ఊరి మనిషే గదా" అని వాళ్ళను కూసోబెట్టిన. పని మంచిగైందని ఆ పూట మస్తు సంతోషపడ్డ.

తేడా కనబడుడు కోసం మేం కావాలెనని నాకు ఎరుక లేదు. ఇరవై మంది నెత్తురు కావాలె, ఇచ్చినం అనుకున్న. కుందేలుది తప్పు అంటే కుందేలుది తప్పే అనుకున్న. మొన్నటి మీ ఉత్తరంల కళావతి పేరు చూసినంక గీ ఉత్తరం రాసెతందుకు కూసున్న. నా బిడ్డ కోసం సందేహం అడిగిన. నా బిడ్డ మొగని ఫైలు నా చేతులతోనే మూయిస్తున్ననా?

గనోళ్ళ నెత్తురు, గనోళ్ళ నెత్తురు తీరే ఉన్నది. అండ్ల తేడా ఎక్కడినుంచి వస్తది? మీ కుందేలు నిజమే చెప్పింది.

తప్పు ఒప్పుకున్న,
జంపయ్య

మరిచిన మాట: నేను అబద్ధమైతే ఆడలె. మీ నవత "మీ ఊళ్ళో ఎవరైనా బొగ్గు పని చేస్తారా తాతా?" అని అడిగింది. "మా ఊళ్ళె బొగ్గే లేదు బిడ్డా, ఎవలు చేస్తరు?" అన్న. ఆమె ఇరవై కాయితాల మీద 'లేదు' అని రాసుకున్నది.

•

హైదరాబాదు
జనవరి 18

బాబాయ్,

రిపోర్టు పంపలేదు. ఈ మాట మొదట.

మీ ఉత్తరం ల్యాబులోనే నిలబడి చదివాను. నవత నవ్వింది, నేనూ నవ్వాను, కాసేపటికి ఎందుకో ఇద్దరం నవ్వు ఆపేశాం. మీ మీద కోపం లేదు. ఉంటే నా మీదే. మే నెలలో నేను స్వయంగా రావలసింది. సెమినారని చెప్పి ఆగిపోయాను. నేను వేంసూరు దాన్ని. పండుగకొచ్చిన అల్లుడెవరో, ఊరి మనిషెవరో గడపలో చెప్పులు చూసి చెప్పగలను. ఆ చదువు నాకుంది, వాడుకోలేదు.

కుందేలును అనుమానించాను, మేకను అనుమానించాను, మైక్రోస్కోపునీ, ఒక మంచి పిల్లనీ, నన్నూ అనుమానించాను. నా సంతకమున్న ఫారాన్ని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. అచ్చులో ఉంది కదా! యాంటీబాడీకి ఊరి పేరు తెలియదు, ఫారం చదవలేదు, ఎవరికి ఎవరు అల్లుడో పట్టదు. దారం తెగినచోట ఆగుతుంది, అంతే. మనందరిలో అదొక్కటే తన పని తాను చేసుకుపోయింది.

జరిగింది జరిగినట్టు కమిటీకి చెప్పాను. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. జూన్ దాకా గడువిచ్చారు. పాత లెక్కలేవీ పనికిరావు. ఈసారి నిజంగా మీ ఊరివాళ్ళు కావాలి. పండుగ రోజులు కాకుండా, దూలయ్య గారు ఒప్పుకున్న రోజున. అప్పుడు కూడా తేడా లేదని వస్తే అదే రాస్తాను. ముందే మాటివ్వలేను, మీరు ఏమీ అనుకోవద్దు.

నవతకు క్షమాపణ చెప్పాను. "పరవాలేదు మేడమ్, నేనూ తలెత్తి చూడకుండా రాశాను" అంది.

మీ,
అరుణశ్రీ

తా.క.: ఒక్క చిక్కు మిగిలింది. చుక్క కూడా వెలగని పన్నెండో నంబరు ఫారం తీసి చూశాను. పేరు రవీందర్, వయసు 34. మీ అల్లుడే కదా? పదేళ్ళు డంపర్ నడిపిన మనిషి రక్తంలో ఒక్క చుక్క లేకపోవడం ఎక్కడా వినలేదు! ఆ ట్యూబు నిజంగా పాడవలేదని నవత మళ్ళీ చూసి చెప్పింది. ఆయన ఏం తింటారు, ఏం తాగుతారు, మీ అడవి వేరు ఏదైనా నములుతారా? ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదనుకోండి. అయినా ఢిల్లీలో ఒక పెద్ద ప్రొఫెసరుకు ఉత్తరం రాసి పెట్టాను. ముందు మిమ్మల్ని అడిగి పోస్టు చేద్దామని ఆగాను.

•

రేలగూడెం
జనవరి 27

బిడ్డ అరుణశ్రీకి, జంపయ్య దీవెనలు.

ఢిల్లీ ఉత్తరం పోస్టు చెయ్యకు. ఉత్తరం వద్దనుడు నా జన్మల ఇదే మొదటిసారి.

పన్నెండో నంబరు రవీందర్ కాదు. నేను.

గనోళ్ళకు సూదంటే భయం లేదని రాసిన. ఒక్కనికి ఉన్నది. వంద టన్నుల డంపర్ తోలేటోడు, తన పేరు పిలిచి సూది బయటికి తియ్యంగనే నెత్తురు తీసిన బడి వెనక గోడ దూకి పోయిండు. ఇరవై అని మాటిచ్చిన, పంతొమ్మిది అయితున్నయి. పండుగల కట్టు నాకు గూడ ఉన్నది. ఎవలు చూడకుంట పోయి ఆ కుర్చీల కూసున్న. నవత తల వంచుకొని రాస్తున్నది. "పన్నెండో నంబరు, రవీందరేనా?" అన్నది. "ఆఁ" అన్న. అరవై ఆరేండ్లోన్ని ముప్పై నాలుగని రాసుకున్నది. ఆ సంగతి నాగక్కకు చెప్పితే మూడు దినాలు నవ్వింది.

నవ్వింది ఇప్పుడు. అప్పుడు చెప్పలె. ఆ ఏడు వాన ఇరవై దినాలు ఆలస్యమైంది. "ఎవలన్న కట్టు తప్పిండ్రా?" అని దూలయ్య రెండుసార్లు అడిగిండు. రెండుసార్లు నేను చెప్పుల దిక్కు చూసిన. తరువాత నువ్వు పన్నెండో నంబరు పాడైందని రాసినవ్. నా తప్పు నా నెత్తురులనే పడ్డదనుకున్న. నీకు మొదటి ఉత్తరం రాసింది అల్లుని కోసమే, అది నిజం. కాని మూడోదాని సంది నా కోసం గూడ రాసిన.

మొన్న ఊరంత పిలిచి నీ రెండు ఉత్తరాలు చదివిన. ఈసారి ఆఖరు దాక చదివి, మళ్ళ మొదటినుంచి చదివిన. ఒక్క చుక్క లేదన్న కాడ గట్టిగ చదివిన. దూలయ్య ఆ కాయితం తన చేతుల్లకు తీసుకొని చూసిండు. ఆఖరుకు, "నెత్తురు మంచిగనే ఉన్నది జంపయ్యా. మాటే మంచిగ లేదు. మేక ఇయ్యి" అన్నడు. తప్పు చేసినోడు ఊరికి మేక పెట్టాలె, అది గూడ కట్టే.

ఫిబ్రవరి పదో తారీఖు దూలయ్యకు సమ్మతే. ఇరవై మంది, ఈ మట్టిల పుట్టినోళ్ళు, గని మొఖం చూడనోళ్ళు. నేను ఒక్కొక్కల్ని అడిగి రాసి పెట్టిన. మొదటి పేరు దూలయ్యదే. నెత్తురు ఇచ్చినంక మేక విందు. నువ్వు రావాలె, సెమినారు అంటే ఒప్పుకోం. గడప కాడ చెప్పులు చూసి లెక్క తీసుకో.

రవీందర్ గూడ వస్తడు, గనోళ్ళ లెక్కల. కళావతి ఒక చెయ్యి పట్టుకుంటది, నేనొక చెయ్యి. గోడ కాడ బొజ్జయ్య వల పట్టుకొని నిలబడుతడు. వాని నెత్తురుల ఎన్ని చుక్కలుంటే అన్ని రాయి. తక్కువ చెయ్యకు. నా బిడ్డ ఎరుక చేసుకోవాలె.

నీ బాబాయి,
జంపయ్య

మరిచిన మాట: నల్లమేకను దూలయ్య ఇంటికి తోలుకపోతుంటే దారిల బూర్గంపాడు కుందేండ్లాయన బుట్ట పట్టుకొని ఎదురైండు. మేక టక్కున ఆగింది. బుట్టల తెల్ల కుందేలు దిక్కు చూసి, గొంతు చించుకొని అరిసింది. ఎంత గుంజినా కదలదు. పరిచయం ఉంటేనే పగ అన్నవ్ గదా, ఇప్పుడు గుర్తుపట్టింది. నువ్వు రాసుకుంటవని చెప్పుతున్న. కాకపోతే ఒక్క మేకతోని ఏదీ రుజువు కాదు.